గుత్రా మడత మీద నేను రాసిన జవాబు

బతకలేక బడిపంతులు అన్నారు పెద్దలు. బడిపంతులుగా కూడా బతకలేనివాడు ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. నేనైతే కువైట్ వచ్చి లాండ్రీలో చేరాను.

అంతకుముందు రాయచోటి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లు సోషల్ చెప్పాను. నాకు బాగా ఇష్టమైన పాఠం పంతొమ్మిదో శతాబ్దపు యూరప్. ఆవిరి యంత్రం రావడం, ఇంట్లో మగ్గం పెట్టుకుని నేసుకునేవాళ్లు ఫ్యాక్టరీ గేటు ముందు వరుస కట్టడం, పల్లెలు ఖాళీ అయి పట్టణాలు కిక్కిరిసిపోవడం. పరీక్షలో ఆ పాఠం నుంచి ఒక పెద్ద ప్రశ్న తప్పకుండా వచ్చేది. పారిశ్రామికీకరణ పనిలోనూ సమాజంలోనూ తెచ్చిన మార్పులను వివరించండి. దానికి జవాబు ఎలా రాయాలో పిల్లలకు నూరిపోసేవాణ్ణి. ఉపశీర్షికలు పెట్టండి, నంబర్లు వేయండి, కింద గీతలు గీయండి, బొమ్మ వేస్తే ఇంకో మార్కు. దిద్దేవాడు ఆవులిస్తూ దిద్దుతాడు, వాడికి వెతుక్కునే పని పెట్టకండి అనేవాణ్ణి. నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే. అది నా కొంప ముంచలేదు, నా కొంప బాగానే ఉంది. ఇంకొకరి కొంప ముంచింది.

కరోనాలో స్కూలు మూతపడింది. తెరుస్తారు, తెరుస్తారు అని ఏడాది చూశాం. తెరిచినప్పుడు మా పాత యాజమాన్యమూ లేదు, మేమూ లేము. మా వైపు ఏ వీధిలో చూసినా కువైట్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది కాబట్టి దారి తెలియకపోవడం అనేది లేదు. కడుపు చేత పట్టుకుని బయలుదేరాను. రిగ్గైలో ఒక మస్బగాలో పని దొరికింది. మస్బగా అంటే ఇక్కడ లాండ్రీ. కౌంటర్లో కూర్చుని, వచ్చిన బట్టలకు గుర్తులు వేసి, రసీదులు రాయాలి. రాసే పనే కదా, నా అదృష్టం అనుకున్నాను.

వెనక గదిలో ఇస్త్రీ చేసే పెద్దాయనది మా పక్క మండలమే. అరవైకి దగ్గరపడ్డాడు. ఇరవై ఏళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. నేను పంతులునని తెలిసిన రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు, "అయ్యోరా" అనేవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి.

ఆయన చేతి పని గుత్రాలు. గుత్రా అంటే ఇక్కడి మగవాళ్లు తల మీద వేసుకునే తెల్లగుడ్డ. దానికి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే, తల మీద వేసుకున్నాక నుదుటికి సరిగ్గా మధ్యలో ఒక మడత నిటారుగా నిలబడాలి. అది కాస్త పక్కకు వాలిందా, పెళ్లికి వెళ్లేవాడు కూడా వెనక్కి వచ్చి మన కౌంటర్ ముందు నిలబడి అరుస్తాడు. పెద్దాయన చేసిన మడత సాయంత్రం దాకా వాలేది కాదు. ఊరికి ఆ చివరి నుంచి కార్లు వేసుకుని వచ్చేవాళ్లు. లోపలికి తొంగిచూసి, ఆయన ఉన్నాడని తేలితేనే బట్టలు ఇచ్చేవాళ్లు. ఉతికిన గుత్రాను ఆయన ఇస్త్రీపెట్టె తగిలించే ముందు చెంపకు ఆనించి చూసుకునేవాడు. తడి ఎక్కువైతే మళ్లీ తీగ మీద వేసేవాడు. సరిపోతే "ఊఁ" అనేవాడు, అంతే. ఎంత తడి ఉండాలన్నా అని అడిగితే, "సెంపకు తెలుస్తాది లే అయ్యోరా" అని నవ్వేవాడు.

మధ్యాహ్నం అన్నం తిని గంటసేపు బల్ల కింద పడుకునేవాడు. పని మీదపడితే రాత్రి భోజనం వేళ దాటినా చేసేవాడు. ఆయన్ని ఎవరూ అదిలించేవాళ్లు కాదు. అది చూసి ఒకరోజు నా పాఠం చెప్పాను. పూర్వం యూరప్‌లో ఇళ్లలో నేసుకునే మగ్గంవాళ్లు కూడా నీలాగే తమ ఇష్టప్రకారం పని చేసేవాళ్లన్నా, ఆదివారం తాగి తిని సోమవారం మగ్గం ముట్టేవాళ్లు కాదట, ఫ్యాక్టరీ వచ్చాక గంట కొట్టగానే పరిగెత్తాల్సి వచ్చింది అన్నాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. పదకొండేళ్లలో ఏ పిల్లవాడూ అడగని ప్రశ్న అడిగాడు.

"ఆ మగ్గం నేసే ముసిలోళ్లు ఏమైపోయినారు అయ్యోరా? ఫ్యాక్టరీలో వాళ్లను సేర్చుకోరు గదా?"

పుస్తకంలో అది లేదన్నాను. పుస్తకంలో లేనిది నాకూ తెలియదు.

ఆయన భార్య కూడా కువైట్‌లోనే ఉండేది. మిష్రిఫ్‌లో ఒక పెద్ద ఇంట్లో పని. ఆ ఇంటి యజమానురాలు, ఇక్కడి వాడుకలో మామా, ఆమెకు శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక సెలవు ఇచ్చేది. రెండు బస్సులు మారి రిగ్గైకి వచ్చేది. ఆ పూట మా మస్బగా షట్టరు సగం దించి ఉంటుంది. వారమంతా మిష్రిఫ్‌లో అందరి బట్టలూ ఇస్త్రీ చేసే మనిషికి, శుక్రవారం ఆయన ఇస్త్రీ చేసి పెట్టేవాడు. ఆమె వారానికి సరిపడా బట్టలు సంచిలో తెచ్చేది. ఆయన ఒక్కొక్కటే తీసి చేస్తుంటే, ఆమె గంజి డబ్బా మీద కూర్చుని మాట్లాడుతూ ఉండేది. చెనిక్కాయల ఊరిబిండి చేసి తెచ్చేది, నాకూ పెట్టేది. చీకటి పడకముందే బస్సు ఎక్కించి వచ్చేవాడు. ఇద్దరూ కలిసి ఒక గదిలో కాపురం చేసిన రోజులు ఈ ఇరవై ఏళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆయన గర్వంగా, "అందురూ మొగుడొక దేశం, పెండ్లామొక దేశం. మేము ఒకే దేశంలో ఉండాం" అనేవాడు. నిజానికి వాళ్ల సంసారమంతా ఆ శుక్రవారం పూటే.

తర్వాత యజమాని తన నాలుగు షాపుల పనీ ఒక్కచోటికి చేర్చాడు. సులైబియాలో గోడౌన్ల మధ్య పెద్ద షెడ్డు, అందులో మిషన్లు. షాపుల్లో బట్టలు తీసుకోవడం, ఇవ్వడం వరకే. వెనక గదులన్నీ ఖాళీ చేశారు. ఇస్త్రీ చేసేవాళ్లనూ ఉతికేవాళ్లనూ నన్నూ షెడ్డు వెనక క్యాంపులో పెట్టారు. పొద్దున ఐదుకి సైరన్. సైరన్‌కి లేవనివాళ్ల తలుపులు కొట్టే పని నాకు అప్పజెప్పారు. పంతొమ్మిదో శతాబ్దపు పట్టణాల్లో పొడుగు కర్రతో కిటికీలు తట్టి కార్మికులను లేపే మనిషి ఉండేవాడని పిల్లలకు చెబితే పడీ పడీ నవ్వేవాళ్లు. నేను వాళ్ల కోసం బల్ల మీద స్కేలుతో తట్టి చూపించేవాణ్ణి కూడా. క్యాంపులో తలుపులు కొడుతుంటే లోపలి నుంచి తిట్లు వినపడేవి.

షెడ్డులో దిష్‌దాషాలను, అంటే ఇక్కడి మగవాళ్ల పొడుగు అంగీలను, బొమ్మకు తొడిగినట్టు తొడిగితే ఆవిరి కొట్టి నిమిషంలో ఇస్త్రీ అయిపోయేది. దుప్పట్లు ఒక వైపు పోతే ఇంకో వైపు మడతపడి వచ్చేవి. ఇరవైమంది చేసే పని ఆరుగురు చేస్తున్నారు, అదీ మిషన్‌కు అందివ్వడమే. గుత్రా నుదుటి మడత ఒక్కటే మిషన్‌కు రాలేదు. అందుకే పెద్దాయనకు షెడ్డులో ఒక మూల బల్ల వేశారు. చేతి పని ఆయన ఒక్కడిదే.

కానీ శుక్రవారం పోయింది. మిషన్ ఆపకూడదని సెలవులు వంతులవారీగా వేశారు. ఆయనకు మంగళవారం వచ్చింది. మిష్రిఫ్ మామా శుక్రవారం తప్ప ఇవ్వదు. సులైబియా నుంచి అక్కడికి సరైన బస్సు లేదు, టాక్సీలో పోయి గేటు దగ్గర నిలబడితే ఆమె చెత్త సంచి బయట పెట్టే సాకుతో వచ్చి రెండు మాటలు మాట్లాడి లోపలికి పోయేది. రెండు మంగళవారాలు అలా వెళ్లాడు. మూడోసారి ఆ ఇంటివాళ్లు ఎవరతను అని అడిగారట. ఇంక వెళ్లలేదు.

"అయ్యోరా, నాకు జీతం పెంచమని అడగను. శుక్రవారం ఇడిపించు సాలు" అన్నాడు.

మా ముదీర్, అంటే మేనేజరు, కోనసీమ మనిషి. గొంతెత్తి మాట్లాడడం ఎరగడు. నేను వెళ్లి అడిగితే, "నాదేముందండీ మేష్టారూ, పైనుంచి వచ్చిన లిస్టండి అది" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి మంచివాడే, దేవుడు ఎక్కడున్నాడో మాకు తెలియదు.

వారం తర్వాత ఆయనే నన్ను వెతుక్కుంటూ, కాగితం కప్పులో టీ పట్టుకుని వచ్చాడు. ఊరక రారు మహానుభావులు అని నాకు తట్టనే లేదు.

"మేష్టారూ, మీరు బాగా రాస్తారంట కదండీ. పెద్దాయన చేసే పని మొదట్నుంచీ చివరిదాకా ఓ పేపరు మీద పెట్టివ్వండి. ఆయనేం చేత్తన్నాడో పైవోళ్లకి తెలియాలి కదండీ."

నా మనసు గంతులేసింది. పైవాళ్లకు తెలిస్తే విలువ తెలుస్తుంది, విలువ తెలిస్తే శుక్రవారం ఇస్తారు. నా లెక్క అంతే. జవాబు బాగా రాస్తే మార్కులు పడతాయి అని పదకొండేళ్లు చెప్పినవాడికి ఇంకో రకంగా ఆలోచించడం ఎలా వస్తుంది? ఆ విషయమే పెద్దాయనకు చెప్పాను. ఆయన ఆ పూటంతా గుత్రా చేస్తూ, ఆగుతూ, చెబుతూ పోయాడు. నేను ముందు తెలుగులో రాసుకున్నాను. పద్దెనిమిది అంశాలు. గంజి ఎంత చిక్కగా, చల్లారాక ఎంతసేపటికి, ఏ మూల నుంచి మొదలు, ఎక్కడ పెట్టె నొక్కాలి, ఎక్కడ తేలికగా జరపాలి. ఉపశీర్షికలు పెట్టాను, బొమ్మలు వేసి బాణం గుర్తులతో చూపించాను.

తడి దగ్గర ఆగాం. చెంపకు ఆనించి చూడాలి అని రాస్తే పైవాళ్లు నవ్వుతారు. అందుకని ఒక తెలివైన పని చేశాను. ఆరిన గుత్రాను తూకం వేశాను. ఆయన చెంపకు ఆనించి "ఊఁ" అన్నప్పుడల్లా దాన్ని లాక్కుని మళ్లీ తూకం వేశాను. పది గుత్రాలకూ తేడా ఇంచుమించు ఒక్కటే వచ్చింది. ఆయన చెంప అంత కచ్చితమైనదని తేలినందుకు ఇద్దరం చిన్నపిల్లల్లా సంబరపడ్డాం. ఆ అంకె రాసి కింద రెండు గీతలు గీశాను.

"నువ్వు రాసినాక తెలిసె అయ్యోరా, నేను ఇంత పని చేస్తాండానని" అన్నాడు ఆయన.

ఇంగ్లీషులో సాపు కాపీ రాసి ముదీర్‌కి ఇచ్చాను. చాలా బాగుందండీ అన్నాడు. అడిగిన శుక్రవారం మాట ఎత్తితే, చూద్దామండీ అన్నాడు.

రెండు నెలలకు ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో ఇనుప అచ్చు, గుత్రా మడతకు సరిపోయేట్టు కోణం తీసినది. దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్ చేతిలో నా కాగితం ఉంది. నా అక్షరాలు, నా బాణం గుర్తులు, నా రెండు గీతలు. అతను ఆ అంకె చూసి మిషన్‌లో తడి సరిచేసుకున్నాడు. గంజి నేను రాసిన కొలతకే కలిపించాడు. మొదటి రోజు గుత్రాలు మాడాయి. రెండో రోజు మడత వాలింది. నాలుగో రోజు నిలబడింది. పెద్దాయన చేసినంత బాగా కాదు, మధ్యాహ్నానికి కాస్త ఒరిగేది. కానీ కౌంటర్ల దగ్గర ఎవరూ అరవలేదు. ఆయన ఉన్నాడా అని తొంగిచూడడానికి ఇప్పుడు కౌంటర్ వెనక గది లేదు.

నేను ఆ మిషన్ ముందు నిలబడి చూస్తూ ఉన్నాను. యూరప్‌లో ఆ రోజుల్లో కొందరు కార్మికులు రాత్రికి రాత్రి ఫ్యాక్టరీల్లో చొరబడి యంత్రాలు పగలగొట్టారని చెప్పేవాణ్ణి. ఎందుకు పగలగొట్టారు అంటే, యంత్రం తమ శత్రువు అని పొరబడ్డారు అని రాయించేవాణ్ణి. రెండు మార్కులు. నాకు పగలగొట్టాలని కూడా అనిపించలేదు. ఏడుపు వచ్చింది. కాసేపటికి ముదీర్ పిలిచి, ఆ రోజు ఎన్ని గుత్రాలు అయ్యాయో రాసిపెట్టమంటే వెళ్లి రాసిపెట్టాను.

పెద్దాయన బల్ల తీసేశారు. మిషన్‌కు గుడ్డ అందివ్వమన్నారు. ఆ వేగానికి ఆయన చేతులు అందుకోలేకపోయాయి. ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్, గడువు దగ్గరపడింది. రెన్యూవల్ లేదని ముదీర్ చాలా మెల్లగా, చాలా బాధగా చెప్పాడు. యజమాని ఎప్పుడూ షెడ్డుకు రాడు, ఫోన్‌లో ఒక్క మాట అన్నాడట. ఖలాస్. అయిపోయింది అని.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు నేను తిరిగాను. ఆయన కోసం ఇంకో కఫీల్‌ని, అంటే వీసాకు పూచీపడే యజమానిని, వెతికాను. తెలిసిన మస్బగాలన్నీ అడిగాను. సగం షాపులకు వెనక గదులు లేవు, వాళ్ల బట్టలూ ఇలాంటి షెడ్లకే పోతున్నాయి. మిగతా వాళ్లు వయసు అడిగి తల అడ్డంగా ఊపారు. ఆయన భార్య మిష్రిఫ్ మామా కాళ్లు పట్టుకుందట, తోటకు నీళ్లు పోసే పనైనా ఇమ్మని. తోట పనికి మనిషి ఉన్నాడు అంది మామా. తనూ వెళ్లిపోతానంటే కాంట్రాక్టు ఏడాదిన్నర ఉంది అంది. అబద్ధం కాదు, ఉంది.

ఆయన మాత్రం ఇంకా నా మీదే నమ్మకం పెట్టుకున్నాడు. "అయ్యోరా, అప్పుడు రాసినావే, అట్లాటిది ఇంగొకటి రాయి. ఈ తూరి శుక్రవారం వద్దని రాయి. ఆమె కాంట్రాక్టు అయ్యేదాకా ఉండనిస్తే సాలు, ఇద్దురం ఒకే ఇమానంలో పోతాం."

రాశాను. ఉపశీర్షికలు లేకుండా, నంబర్లు లేకుండా, చేతనైనంత దీనంగా రాశాను. ముదీర్ చదివి మడిచి నాకే ఇచ్చాడు. "ఇది పైకి పంపినా లాభం లేదండీ మేష్టారూ. మీకు తెల్దా?" అన్నాడు.

శనివారం విమానం. ముందురోజు శుక్రవారం ఇంట్లో విందు ఉన్నా మామా ఆమెకు నాలుగు గంటలు ఇచ్చింది. దారిలో టాక్సీకి పోను క్యాంపులో వాళ్లకు రెండు గంటలు దొరికాయి. గదిలో ఉన్నవాళ్లను బయటికి పంపి నేనూ వెళ్లబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అయ్యోరా, ఆ తెలుగు కాయితం ఉండాది గదా, అది నాకియ్యి. ఊర్లో సూపించుకుంటా. ముందు దీనికి సదివి ఇనిపించు. ఇరవై ఏండ్లు నేనేం చేసినానో దీనికి ఎవురూ సెప్పలా."

కళ్లద్దాలు లేవన్నాను. జేబులోనే ఉన్నాయని ఆయనే తీసి ఇచ్చాడు. చదివాను. పద్దెనిమిది అంశాలూ. మొదట్లో ఆమె ముసిముసిగా నవ్వుతూ వింది. తనూ ఇస్త్రీ చేసే మనిషే కాబట్టి ప్రతిదీ అర్థమవుతోంది. అక్కడక్కడా ఆపి, ఎందుకట్ల అని అడిగేది, ఆయన చేతులతో చూపించేవాడు. చెంప దగ్గరికి వచ్చేసరికి తన చెంప మీద చెయ్యి పెట్టుకుంది. తూకం దగ్గరికి రాగానే నవ్వు ఆపింది.

"తూకమేసినారా?"

"వేశాం అక్కా" అన్నాను.

"ఈ కాయితం ఎవురికిచ్చినారు?"

"ముదీర్‌కి."

"మిషన్ ఎప్పుడొచ్చె?"

ఆయనే చెప్పాడు, ఆ తర్వాతే అని. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఇదంతా రాసిచ్చినాక నీతో ఏం పనయ్యా వాళ్లకు?"

"ఊరుకో. అయ్యోరు మన శుక్రవారం కోసరం రాసినాడు."

"తప్పు నాదే అక్కా" అన్నాను.

"ఆయప్పకు సదువు లేదు" అంది. "సదువుకున్నోడివి, నీకన్నా తెలీకపాయనా?"

బయట టాక్సీ హారన్ కొట్టింది. ఆమె లేచి కొంగు సరిచేసుకుంది. ఇస్త్రీ చేయించుకోవాలని తెచ్చుకున్న బట్టలు సంచిలో అలాగే ఉన్నాయి, విప్పను కూడా విప్పలేదు. ఆయన కాగితం మడిచి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుంటున్నాడు. గడియారం చూశాను. వాళ్లిద్దరికీ మిగిలిన ఆ రెండు గంటల్లో ముప్పావుగంట నేను నా జవాబు చదవడానికే తీసుకున్నాను.